ఓణీల పండగా? రెండో పడవా?

పోయిన ఏడాది మాఘమాసం నుంచి ఆషాఢం దాకా మా ఇంట్లో ఒకటే చర్చ. మా మనవరాలికి ఓణీల పండగ చేయాలా, పడవ కొనాలా అని! నవ్వుకుంటున్నారు కదూ? మొదట నేనూ నవ్వాను. పడవంటే పిల్లలు వాన నీళ్లలో వదిలే కాగితం పడవ కాదు. మనిషి ఎక్కి, తెరచాప బిగించి, గాలిని పట్టుకుని నడిపే నిజం పడవ. అది కూడా రెండోది!

మాది నంద్యాల దగ్గర బండి ఆత్మకూరు. ఇటు చూస్తే వరి మళ్లు, అటు చూస్తే నల్లమల కొండలు, ఆ కొండల మొదట్లో ఓంకారం గుడి. సముద్రం మాకు చాలా దూరం. మా వైపు పొలాలకు ప్రాణం కేసీ కాలువ. 1860ల్లో ఇంగ్లీషు కంపెనీ ఒకటి ఆ కాలువను తవ్వించినప్పుడు పంటలకు నీళ్లివ్వడమే కాదు, పడవలు కూడా నడవాలని తవ్వించిందట. నాకు ఊహ తెలిసేసరికి పడవలు లేవు. కాలువంటే మాకు తెలిసింది రెండే. ఒకటి నాట్లకు నీళ్లు, రెండోది భయం. "కాలువ గట్టుకు పోయినావంటే కాళ్లు ఇరగ్గొడతా" అనేది మా అమ్మ. నా పిల్లలకు నేనూ అదే మాట చెప్పి పెంచాను. ఇన్నేళ్ల వయసులో మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగినదాన్ని కాదు.

అలాంటి ఇంటి పిల్ల మా బుజ్జి. మా పెద్దబ్బాయి ఉద్యోగం సికింద్రాబాదులో. పాపకు పదకొండేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో ఇంట్లో టీవీ ముందు కూర్చుంటోందని హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్పే చోట ఓ నెల రోజులు చేర్పించాడు. ఆ మాట ఫోనులో విన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. హుస్సేన్ సాగర్ అంటే నాకు గుర్తొచ్చేది 1990 మార్చి. బుద్ధుడి విగ్రహాన్ని నీళ్ల మీద తీసుకుపోతుంటే పడవ ఒరిగి, విగ్రహం మునిగిపోయింది. మనుషులూ పోయారు. 1992లో గానీ ఆయన మళ్లీ పైకొచ్చి నిలబడలేదు. "అంత బుద్ధుణ్ణే మింగిన నీళ్లురా అవి! పసిబిడ్డను పంపుతావా?" అని కొడుకు మీద అరిచాను. వాడు నవ్వి, "లైఫ్ జాకెట్ వేస్తారులేమ్మా, పక్కనే మోటారు పడవ తిరుగుతుంటుంది" అన్నాడు.

నెల రోజులన్నది రెండేళ్లయింది. పాప నడిపే పడవ పేరు ఆప్టిమిస్ట్. ఓసారి పోయినప్పుడు చూశాను. ముందు భాగం కోసుగా ఉండక, చదరంగా నరికినట్టుంటుంది. నా కంటికి అది బట్టలు నానబెట్టే తొట్టికి తెరచాప కట్టినట్టుంది! 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమని ప్లైవుడ్‌తో దీన్ని తయారు చేశాడట. పొడుగు ఎనిమిది అడుగుల లోపే. బరువు 35 కిలోలు. తొట్టి అన్నానని తక్కువ చేయకండి. ప్రపంచం మొత్తం మీద పిల్లలు తెరచాప నేర్చుకునేది ఎక్కువగా ఇందులోనే. నిదానంగా పోతుంది, తొందరగా ఒరగదు. పిల్లకు మొదటి పడవ అలాగే ఉండాలి.

ఇక అసలు సంగతికొస్తాను. మాఘమాసంలో ఓ రోజు పొద్దున్నే కోడలు ఫోను చేసింది. "అత్తమ్మా, బుజ్జి పెద్దమనిషి అయింది" అని. పిల్లకు పదమూడు నిండాయంతే. నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసుకుని, రాత్రి బస్సెక్కి సికింద్రాబాదు పోయాను. పిల్లను చూసి ఆశ్చర్యపోయాను. ఆరు నెలల్లో జానెడు పొడుగైంది. వాళ్లమ్మ భుజం దాటిపోయింది. నన్ను చూసి సిగ్గుపడి నవ్వింది గానీ ముఖంలో కళ లేదు.

ఆ రాత్రి నా పక్కన పడుకుని మెల్లగా అడిగింది. "జేజీ, నాకు పెద్ద ఫంక్షన్ చేస్తారంట కదా?"

"చేయకుండా ఉంటామా? ఊళ్లో పందిరి వేసి, ఓణీ వేసి, మీ మేనమామ చీర తెచ్చి..."

"నాకొద్దు జేజీ. ఆ డబ్బులతో పడవ కొనిపెట్టవా? నా పడవ నాకు చిన్నదైపోయింది."

నేను జవాబు చెప్పలేదు. ఆ పండగ కోసం నేను రెండేళ్లుగా సోనా వడ్లు అమ్మిన డబ్బులో కొంత, గేదె పాల డబ్బులో కొంత పోస్టాఫీసులో వేసుకుంటూ వచ్చాను. ఒక్కగానొక్క మనవరాలు మరి. ఆ సంగతి పిల్లకు ఎవరు చెప్పారో!

ఊరికి తిరిగొచ్చాక పక్కింటి వాళ్లతో ఈ ముచ్చట చెబితే, ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. "అదేందక్కా, సమర్తయిన పిల్లను ఇంకా నీళ్లలోకి తోలతారా? ఇప్పటికే ఎండకు నల్లబడిందంట. రేపు సంబంధాలు యాడొస్తాయి?" అంది. ఆమెను తప్పు పట్టను. నా నోట్లోనూ ఆ మాటే ఉంది, బయటికి రాలేదంతే.

కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పెద్దమనిషినయ్యాను. మూల కూర్చోబెట్టారు, పాటలు పాడారు, కొత్త బట్టలు పెట్టారు. బ్రహ్మాండంగా జరిగిందని అందరూ అన్నారు. ఆ తర్వాత నా బడి సంచి అటక మీదికి పోయింది. ఎందుకని నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. లెక్కల్లో క్లాసుకంతా ఫస్టు వచ్చేదాన్ని! పందిరి గుర్తుంది, పప్పన్నం గుర్తుంది. వాటికంటే ఎక్కువగా ఆ సంచి గుర్తుంది. పండగ మంచిదే. కానీ పండగ పేరుతో పిల్ల చేతిలోది ఏదో లాగేసుకుంటే అది పండగెలా అవుతుంది?

అలాగని పిల్ల అడగ్గానే డబ్బు తీసిచ్చే రకాన్ని కాదు నేను. కంది పప్పు కొన్నా నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూసే మనిషిని. మే నెలలో మళ్లీ సికింద్రాబాదు పోయి, "మీ కోచ్ దగ్గరికి తీసుకుపో, నేను మాట్లాడతా" అన్నాను.

కోచ్ మా చిన్నబ్బాయి వయసువాడు. మర్యాదగా కుర్చీ వేశాడు. "అమ్మా, పాపకు ఇప్పుడు 48 కిలోలు. ఆప్టిమిస్ట్ పదిహేనేళ్ల దాకా నడపొచ్చు గానీ ఈ పొడుగుకు, ఈ బరువుకు అందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తోంది. అందుకే విసుగు పుట్టింది" అన్నాడు. "విసుగు పుట్టిన పిల్లలు ఈ వయసులోనే మానేస్తారు. ముఖ్యంగా ఆడపిల్లలు" అని కూడా అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

మా బుజ్జి మనసు పడ్డది వేరే పడవ మీద. దాని పేరు ట్వంటీనైనర్. ఇద్దరు నడపాలి. అందులో ఒకరు నడుముకు కట్టుకున్న తీగకు వేలాడుతూ పడవ అంచు మీద నిలబడతారు! గాలి వెనక నుంచి వచ్చినప్పుడు ముందు బుడగలాంటి ఇంకో తెరచాప విప్పుతారు. మోటారు సైకిలు లాగా దూసుకుపోతుందట. పాప స్నేహితురాలు ఒకమ్మాయి, "మనిద్దరం కలిసి నడుపుదాం" అందట. వీడియో చూపించింది. చూస్తుంటేనే నాకు కళ్లు తిరిగాయి.

కోచ్ కాదనలేదు. "మంచి పడవే. కానీ అది సైకిలు లాంటిది. పట్టుకోకుండా వదిలితే నిలబడదు. ఇద్దరూ కలిపి నూట పది, నూట ఇరవై కిలోలైనా ఉంటే బాగుంటుంది. ఇద్దరికీ ఒకే రోజు తీరిక ఉండాలి. రేపు ఆ అమ్మాయి ట్యూషనని రాకపోతే మీ పాప గట్టు మీద కూర్చోవాలి" అన్నాడు. ఫోర్‌ట్వంటీ అని ఇద్దరు నడిపేది ఇంకొకటి ఉందిగానీ దానికీ జోడీ కావాల్సిందే.

అప్పుడు చూపించాడు ఇంకో పడవ. ఇల్కా అంటారు. 2019 దాకా దాని పేరు లేజర్. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ అనే ఆయన 1969లో స్నేహితుడితో ఫోనులో మాట్లాడుతూ కాగితం మీద గీసిన బొమ్మతో పుట్టిందట అది. కారు మీద పెట్టుకుని తీసుకుపోయేలా తేలికపాటి పడవ కావాలన్నది ఆ రోజు మాటలు. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. పొడుగు పద్నాలుగు అడుగులకు కొంచెం తక్కువ. బరువు 59 కిలోలు. ఒక్కరే నడపాలి. ఆప్టిమిస్ట్ తొట్టి అయితే ఇది పీట. మీద కూర్చుని, పాదాలు ఒక పట్టీ కింద దోపి, గాలి ఎక్కువైనప్పుడు వీపు నీళ్లకు తగిలేలా వెనక్కి వాలాలి. ఆప్టిమిస్ట్ తెరచాపను రవికె ముడుల్లా చిన్న చిన్న తాళ్లతో కొయ్యకు కడతారు. దీనికి ఆ బాధ లేదు. దిండుకు గలీబు తొడిగినట్టు కొయ్యకు తొడిగేయడమే.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఇల్కాలో 4, 6, 7 అని మూడు రకాలు. పడవ మాత్రం ఒకటే! కొయ్య రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్కా, తెరచాపా మారిస్తే చాలు, పడవ పెద్దదైపోయినట్టే. యాభై కిలోల అటూ ఇటూ ఉన్న పిల్లలకు 4. ఇంకొంచెం ఎదిగాక 6. బరువైన మగవాళ్లు నడిపేది 7. ఇది విన్నాక నాకు మా అమ్మ కుట్టిన పావడాలు గుర్తొచ్చాయి. అంచు దగ్గర రెండు మూడు మడతలు వేసి కుట్టేది. పిల్ల ఎదిగిన కొద్దీ ఏడాదికో మడత విప్పడమే. గుడ్డ అదే, పావడా అదే. ఒక్క పావడాతో మూడు సంక్రాంతులు వెళ్లేవి!

లెక్కల మీద ఇష్టం పోలేదు కదా, కాగితం తీసుకుని లెక్క వేశాను. మనం కట్టే చీర ఆరు గజాల పొడుగు, మూడుమ్ముప్పావు అడుగుల వెడల్పు. అంటే 67 చదరపు అడుగుల చిల్లర. ఆప్టిమిస్ట్ తెరచాప 35 చదరపు అడుగులు, అంటే అర చీర. ఇల్కా 4కు 50, ముక్కాల్ చీర. ఇల్కా 6కు 62, ఇంచుమించు నిండు చీర. 7కు 76, అది చీర దాటిపోయింది. "మీ పాపకు ఇప్పుడు ముక్కాల్ చీర కావాలన్నమాట" అంటే కోచ్ పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్లలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

బుజ్జికి మాత్రం నవ్వు రాలేదు. "ఇల్కా అందరూ నడిపేదే జేజీ. ట్వంటీనైనర్ అయితే..." అని సణిగింది. "కొనేముందు ఒకసారి నడిపి చూడనీ" అన్నాను. "గాలిలేని మే నెలలో నడిపితే ఏ పడవైనా బుద్ధిగానే ఉంటుందమ్మా. వానకాలం గాలి రానివ్వండి" అన్నాడు కోచ్. అదీ నిజమే. ఎండాకాలంలో కప్పు చూసి ఇల్లు కొంటామా?

జూన్ చివర్లో పడమటి గాలి మొదలైంది. హైదరాబాదులో తెరచాపలకు ఆ గాలే పండగ. ఏటా జూలైలో హుస్సేన్ సాగర్ మీద పోటీలు జరిగేది కూడా అందుకే. నేను మళ్లీ బస్సెక్కాను. ఆ రోజు ఒకరి పడవ అడిగి పుచ్చుకుని బుజ్జిని ఎక్కించారు. నేను గట్టు మీద నిలబడ్డాను, చేతిలో జపమాల ఒక్కటే తక్కువ.

కాసేపు బాగానే పోయింది. దూరంగా బుద్ధుడు నిలబడి చూస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవను గాలికి వీపు పెట్టి మలుపు తిప్పబోయింది. తెరచాపను పట్టే తాడు పడవ వెనక మూలకు చుట్టుకుంది. ఈ పడవతో కొత్తవాళ్లందరికీ ఎదురయ్యే తంటానట అది. అడ్డకొయ్య దభీమని ఇటు నుంచి అటు తిరిగింది. పడవ పక్కకు ఒరిగింది. తెరచాప నీళ్ల మీద పరుచుకుంది. పిల్ల కనబడలేదు!

"అయ్యో తల్లీ!" అని కేక పెట్టాను. కోచ్ మోటారు పడవలో దగ్గర్లోనే ఉన్నాడు, కానీ కదలడే! తర్వాత తెలిసింది, కావాలనే ఆగాడట. అంతలో నారింజ రంగు జాకెట్ కనిపించింది. పిల్ల పడవను వదల్లేదు. చుట్టూ ఈదుకుంటూ అడుగు వైపు వచ్చింది. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దింపే బల్ల ఒకటుంటుంది. ఇప్పుడది పక్కకు పొడుచుకుని ఉంది. దాని మీదికెక్కి నిలబడి, పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలింది. కొయ్య మెల్లగా నీళ్లలోంచి లేచింది. తెరచాప నీళ్లు కారుస్తూ నిటారుగా నిలబడింది. పిల్ల పొట్ట మీద పాకుతూ లోపలికెక్కింది. ఆప్టిమిస్ట్ ఒరిగితే తొట్టి నిండిపోతుంది, డబ్బాతో తోడిపోయాలి. ఇందులో పడవ కదలగానే నీళ్లు వాటంతటవే వెళ్లిపోతాయి.

ఆ పూట మూడుసార్లు పడింది. మూడోసారి చేతుల్లో సత్తువ లేక రెండుసార్లు జారింది. కోచ్ చెయ్యి అందించబోతే తల అడ్డంగా ఊపడం గట్టు మీదికి కనిపించింది. ఆఖరికి తనే లేపుకుంది.

గట్టుకొచ్చాక వణుకుతూ నా పక్కన కూలబడింది. తువ్వాలు కప్పితే కళ్ల నీళ్లు పెట్టుకుంది. "ఇదే నా వల్ల కావట్లేదు జేజీ. ఇంక ట్వంటీనైనర్ ఏం నడుపుతా? మానేస్తానేమో" అంది.

చూడండి విచిత్రం! అప్పటిదాకా పిల్ల నీళ్లకు దూరమైతే బాగుండునని లోపల లోపల అనుకుంటున్నదాన్ని నేనే కదా. "సరే మానేయ్" అంటే పోయేది. నోరు రాలేదు. "నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు జొన్న రొట్టె తట్టడం రాదు బుజ్జీ" అన్నాను. "మా అత్త మొదట అరచేతంత రొట్టెలు చేయించింది. అవి కుదిరాక పెద్ద రొట్టెకు పోయాను. వారం రోజులు అన్నీ ముక్కలే. మళ్లీ చిన్న రొట్టెలే చేస్తానంటే మా అత్త ఒప్పుకోలేదు. ఇరిగిన రొట్టె కూడా కడుపులోకే పోతుంది, తట్టు అనేది. నువ్వు మూడుసార్లు పడ్డావు. నేను లెక్కపెట్టాను, మూడుసార్లూ లేచావు. ఎవరూ లేపలేదు."

ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక, "తాడు మూలకు చుట్టుకోకుండా ముందే ఒకసారి లాగాలంట జేజీ" అంది. నాకు అర్థమైపోయింది, ఈ పిల్ల మానదు.

ఆ రాత్రి కొడుకు, కోడలు, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. కోడలి మనసులో ఇంకో దిగులుంది, ఆడవాళ్లం కాబట్టి చెప్పుకుందాం. ఆ నాలుగు రోజులూ ఎలా అని. అక్కడ నేర్పే అమ్మాయి ఒకామెను అడిగితే, "పాప ఇష్టం ఆంటీ. ముదురు రంగు మందపాటి నిక్కరు వేసుకుని వచ్చే పిల్లలున్నారు, ఆ రోజుల్లో మానుకునే పిల్లలూ ఉన్నారు. ఎవరూ అడగరు" అందట. అంతే, సమస్య తీరిపోయింది. మనం గుసగుసలాడుకునే సంగతులు చాలావరకు నోరు తెరిచి అడిగితే ఒక్క మాటతో తేలిపోతాయి.

మా వాడు ఇంకో సంగతి చెప్పాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ అనే అమ్మాయి వెండి పతకం తెచ్చింది. ఏ పడవలోనో తెలుసా? ఇదే ఇల్కా 4లో! ఆ పిల్లది మధ్యప్రదేశ్. రైతు బిడ్డ. నేర్చుకున్నది భోపాల్ చెరువులో. అక్కడ మాత్రం సముద్రం ఎక్కడుంది! 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు పోయిన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్‌దీ ఇదే పడవ, తెరచాప మాత్రం నిండు చీర. మన హైదరాబాదు అమ్మాయి ప్రీతి కొంగర అయితే ఇదే హుస్సేన్ సాగర్‌లో నేర్చుకుని, ఇద్దరు నడిపే ఫోర్‌సెవెంటీ పడవలో ఆసియా క్రీడల దాకా పోయింది. ఇవన్నీ విని మా పాపకూ పతకం వస్తుందని కాదు. రైతు బిడ్డలు, ఆడపిల్లలు నీళ్ల మీద ఉండొచ్చని నాకు తెలియడానికి.

ఇక కొనడం. కొత్తదంటే లక్షల్లో మాట, మన వల్ల కాదు. వాడినది చూద్దామన్నారు. మొదట ఒకాయన చూపించింది మెరిసిపోతోంది. కొత్తగా రంగు వేయించాడు. ధర కూడా అందుబాటులోనే ఉంది. మా వాడు సరేననబోతున్నాడు. నాకెందుకో ఆ మెరుపు నచ్చలేదు. సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలితో కొట్టి చప్పుడు వింటాం, నీళ్లు పోసి కాసేపు చూస్తాం. "దీనికి అట్లా చూడ్డానికి లేదా నాయనా?" అని కోచ్‌ని అడిగాను. ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూసి, "అదే చేయబోతున్నానమ్మా!" అన్నాడు.

కొయ్యను నిలబెట్టే గుంత ఒకటుంటుంది. దాన్నిండా నీళ్లు పోశాడు. టీ తాగి వచ్చి చూస్తే నీళ్లు నాలుగు వేళ్లు దిగిపోయాయి. అంటే గుంత అడుగున పగులుంది, నీళ్లు పడవ కడుపులోకి పోతున్నాయి. పైన పాదంతో అదిమితే ఒకచోట మెత్తగా దిగింది. లోపల నీళ్లు పీల్చుకుని బరువెక్కింది కూడా. దండం పెట్టి వచ్చేశాం. వారం తర్వాత దొరికిన రెండోది చూపుకు పాతది, గీతలు పడి ఉంది. గుంతలో పోసిన నీళ్లు మాత్రం అట్లాగే నిలబడ్డాయి. తట్టితే ఖంగుమంది. అదే కొన్నాం. పెద్దదైనాక కొనాల్సింది కొయ్య ముక్క, తెరచాప మాత్రమే. పాత ఆప్టిమిస్ట్ క్లబ్బు వాళ్లదే, అది ఇంకో చిన్న పిల్ల చేతికి పోయింది.

మరి ఓణీల పండగ? చేశాం! పందిరి లేదు, వెయ్యి మంది భోజనాలు లేవు. ఆషాఢం రాకముందే ఓ ఆదివారం ఓంకారం గుడికి పోయి, స్వామి ముందు ఓణీ వేయించాం. నా పెళ్లినాటి వెంకటగిరి చీరను చించకుండా మడిచి ఓణీగా వేశాను. వాళ్ల మేనమామ చీర తెచ్చాడు. ఇంటికొచ్చి ఓళిగలు, చిత్రాన్నం, అలసంద వడలు. దగ్గరివాళ్లు నలభై మంది. బుగ్గలు నొక్కుకున్న పక్కింటావిడ కూడా వచ్చి, ఫోనులో బుజ్జి పడవ ఫొటో చూసి, "దీన్ని ఒక్కతే తోలుతుందా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి వాళ్ల మనవరాలిని పిలిచి చూపించింది.

మీ పిల్లలు పడవ అడక్కపోవచ్చు. సైకిలు తర్వాత స్కూటీ అడుగుతారు, చిన్న వీణ తర్వాత పెద్ద వీణ అడుగుతారు. రెండోది కొనేటప్పుడు నాకు తెలిసొచ్చిన నాలుగు ముక్కలు చెబుతాను. వయసు చూసి కాదు, పిల్ల ఒళ్లు చూసి కొనండి. స్నేహితురాలికి ఉన్నదని కొనకండి. కొనేముందు అరువు తెచ్చి, కష్టమైన రోజున నడిపించి చూడండి. పడకుండా ఉంటుందా అని కాదు, పడితే తనంతట తను లేవగలదా అని చూడండి. లేవలేనిదైతే అది ఇంకా పెద్దది. ఎప్పుడూ పడనిదైతే అది చిన్నదైపోయినట్టే. ఇక మెరుపు చూసి మోసపోకండి, నీళ్లు పోసి చూడండి!

జూలై పోటీల్లో బుజ్జి ఆఖరి నుంచి మూడోది వచ్చింది. రెండుసార్లు పడిందట. ఫోనులో ఆ సంగతి ఎంత సంతోషంగా చెప్పిందో! "ట్వంటీనైనర్ సంగతేమైంది?" అని ఆటపట్టించాను.

"దానికి తొందరేముంది జేజీ? ముందు ఈ ముక్కాల్ చీర సరిగ్గా కట్టుకోనీ" అంది.